మునకల లక్ష్ముడి ఊపిరి

యోగా అంటే నాకు మొదట్నుంచీ పెద్ద గౌరవం లేదు. డ్రిల్లు టీచరు అనాల్సిన మాట కాదిది, కానీ అబద్ధమాడి నేనేం బావుకోవాలి? పాతికేళ్ళుగా పిల్లల్ని ఎండలో పరిగెత్తించినదాన్ని. చెమట పట్టకపోతే అదేం వ్యాయామం అనుకునే బుర్ర నాది. ఆమదాలవలసలో మా నాన్నకి కిరాణా కొట్టు. మా ఇంట్లో అందరూ గల్లాపెట్టె ముందు కూర్చుని బొజ్జలు పెంచితే, నేనొక్కదాన్నే మెడలో విజిలు వేసుకుని బయటపడ్డాను. పేరు ఝాన్సీలక్ష్మి. గంగుపాలెం హైస్కూల్లో చేరి పద్నాలుగేళ్ళయింది.

గంగుపాలెం సముద్రం ఒడ్డునున్న చేపలవాళ్ళ ఊరు. మొన్నటి వేసవి సెలవుల్లో పైనుంచి ఆర్డరొచ్చింది. ఊరివాళ్ళ చేత నెల్లాళ్ళు యోగా చేయించాలి, రోజూ పొద్దున్న ఆరున్నరలోపు ఫోటో పంపాలి. సెలవులు గంగలో కలిశాయని నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే అవి వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్యనుంచి జూన్ పద్నాలుగు దాకా ఇంజిన్ బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. మగవాళ్ళందరూ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి, తుపాను షెల్టరు మేడ మీద మొదటిరోజే నలభైమంది పోగయ్యారు. ఫోటో నిండుగా వచ్చింది.

మూడోరోజున నేనొక ఘనకార్యం చేశాను. ఆసనాలన్నీ అయ్యాక, "అందరూ వెల్లకిలా పడుకోండి, చేతులు వదిలెయ్యండి, శవాసనం" అన్నాను.  ఆడవాళ్ళు ఒక్కొక్కరే చాపలు చుట్టి మెట్లు దిగిపోయారు. మగవాళ్ళు నావైపు చూడకుండా వాళ్ళ వెనకే వెళ్ళారు. సముద్రంలో పోయి ఒడ్డుకి తెచ్చినవాళ్ళని ఆ ఊళ్ళో పడుకోబెట్టేది ఆ షెల్టరు కిందనే, అచ్చం అలాగే, వెల్లకిలా, చేతులు వదిలేసి. పద్నాలుగేళ్ళు ఆ ఊరి నీళ్ళు తాగి కూడా నాకది తట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఒక్కడు మాత్రం వెళ్ళలేదు. మూలన వెల్లకిలా పడుకునే ఉన్నాడు. "లేవయ్యా, అందరూ వెళ్ళిపోయారు" అన్నాను.

"ఉండనీండి మేడమా" అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఎనిమిది నెల్ల నించీ నాను ఇలగే ఉన్నాను గదా. ఇప్పుడు పండుకునీసరికి దానికీ దీనికీ సరిపోనాది."

అతను లక్ష్ముడు. నలభై దాటినవాడు. వల సముద్రం అడుగున రాళ్ళకి పట్టేస్తే మునిగి విడిపించేది అతనే. ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలు పైచిలుకు నీళ్ళలో ఉండగలడని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవారు. మునకల లక్ష్ముడని పేరు. అంతకుముందు అక్టోబరులో వల పట్టేస్తే, అతనూ అతని బావమరిది గంగరాజూ కలిసి మునిగారు. లక్ష్ముడొక్కడే పైకొచ్చాడు. మళ్ళీ మునిగి గంగరాజుని తెచ్చాడు గానీ, అప్పటికే అయిపోయింది. అప్పట్నుంచి లక్ష్ముడు అలల దగ్గరికి వెళ్తే చాలు, గుండె పట్టేసి, చెమటలు కారి, కూలబడిపోతాడు. శ్రీకాకుళంలో గుండె పరీక్షలన్నీ చేయించారు. అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే ఈ మనిషికేమైందో ఎవరూ చెప్పలేదు.

బోటు అతని పెదనాన్న కొడుకు ధనరాజుది. ధనరాజు చెడ్డవాడు కాడు. నిషేధం ఆఖరి రోజున బోటుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఆ ఏడు వెళ్ళేవాళ్ళందరూ బోటు ముక్కు మీద చెయ్యి వేస్తారు. "ఆ దినానికి నువ్వు సెయ్యేస్తే నీ సోటు నీదే తమ్ముడా. ఎయ్యకపోతే నీ బదులు ఈశ్వర్‌ని ఎక్కించుకుంటాను. ఇంక నాను ఆగలేను" అని చెప్పేశాడట. ఒకసారి బోటు దిగిపోయినవాడు ఆ ఊళ్ళో ఒడ్డు మీద వలలు కుట్టే ముసలివాళ్ళ మధ్య కూర్చోవాలి. లక్ష్ముడికి వేరే పనేదీ రాదు. అతని చేతిలో ఉన్నవి ఇరవై రెండు రోజులు.

ఊరంతా నా క్లాసు వదిలేసినా అతనొక్కడే రోజూ వచ్చేవాడు. ఎందుకంటే పొద్దున్నే ఇంట్లో ఉండలేడు. భార్య కూర్మమ్మ ఎండుచేపల గంప సర్దుకుని ఆటో ఎక్కేదాకా ఇద్దరి మధ్యా ఒక్క మాటుండదు. పోయినవాడు ఆమె సొంత తమ్ముడు మరి. సూర్యనమస్కారాలకి చేతులు పైకెత్తినప్పుడు అతని కుడిచేతి మణికట్టు పైన నాలుగు తెల్లటి గీతలు కనిపించేవి. వల గీసుకుని ఉంటుంది అనుకుని ఊరుకున్నాను.

ఇక్కడ నా రెండో ఘనకార్యం. ఊపిరి పీల్చి బిగబట్టే అభ్యాసం చేయిస్తే, లక్ష్ముడు బిగబట్టాడు. ముప్పై అంకెలు, అరవై, తొంభై. నేను గడియారం చూస్తూ మురిసిపోయాను. ఎనిమిది నెలలుగా ఎందుకూ పనికిరాని ఆ మనిషి ఇందులో నేను చూసినవాళ్ళందరినీ మించిపోయాడు. జిల్లా పోటీలకి పంపిద్దామనుకున్నాను. ఒక్కడే ఉన్న ఫోటో పంపి చీవాట్లు తింటున్నదాన్ని కదా, కప్పు తెస్తే నా నోరూ లేస్తుంది. రోజూ ఇంకాస్త, ఇంకాస్త అని ఎగదోశాను. "నీకిది వరం లక్ష్ముడూ" అని కూడా అన్నాను. అలా తొమ్మిదో రోజున, నేను నూట పది అంటుండగా అతని పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు తేలేసి పక్కకి ఒరిగిపోయాడు.

ముఖాన నీళ్ళు కొట్టి, అరికాళ్ళు రుద్ది, తెలివి తెప్పించేసరికి నా ప్రాణం పోయినంత పనయింది. ఎవరు చెప్పారో, కూర్మమ్మ గంప ఆటోలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఏటి టీచరమ్మా" అంది. "మా తమ్ముడు ఊపిరాడక పోనాడు. ఈ మనిసి సేత ఊపిరి బిగబట్టించి ఆటాడతన్నావేటి? నీ ఫోటోలకి ఇంకెవులూ దొరకనేదా?"

 ఆరోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు. రాజీనామా ఇచ్చేద్దామనీ, ఆర్డరు ఇచ్చినవాళ్ళని తిడదామనీ ఏవేవో అనుకున్నాను. తప్పు నాదేనని మనసుకి తెలుసు.

మర్నాడు పొద్దున్న షెల్టరుకి వెళ్ళింది ఫోటో కోసం కాదు, క్షమించమని అడగడానికి. లక్ష్ముడు వస్తాడనుకోలేదు, కానీ వచ్చాడు. మేడ మీంచి సముద్రం కనబడుతుంది. దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను మాట్లాడుతుంటే ఒడ్డున ఎవరో బోటు ఇంజిన్ సరిచూసుకుంటూ ఒకసారి తిప్పారు. ఆ చప్పుడుకి లక్ష్ముడు తల తిప్పి సముద్రంవైపు చూశాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. అంతే. ఆ గాలి బయటికి రాలేదు.

అప్పుడు వెలిగింది నాకు. పరుగుపందెంలో గీత దగ్గర నిలబడ్డ పిల్లలు కొందరు ఈల కోసం చూస్తూ ఊపిరి బిగబడతారు. వాళ్ళు పది అడుగులు వెయ్యకముందే రొప్పుతారు. నేను రోజూ చూసేదే. భయం వేస్తే మనందరం రొప్పుతాం, లక్ష్ముడు మునుగుతాడు. చిన్నప్పట్నుంచీ అతని ఒంటికి తెలిసిన పని అదొక్కటే. సముద్రం కనబడగానే గాలి లోపల బంధించేస్తాడు, గుండె కొట్టుకుంటుంది, కళ్ళకి చీకట్లు కమ్ముతాయి. డాక్టర్ల మిషన్లకి దొరకని జబ్బు అది. నేనేమో తొమ్మిది రోజులపాటు ఆ జబ్బునే గడియారం పెట్టి మరీ పెంచాను.

"లక్ష్ముడూ, ఊపిరి వదులు" అన్నాను.

"వదుల్తన్నాను గదండీ."

"లేదు. నీ చెయ్యి పొట్టమీద పెట్టుకుని చూడు."

చూసుకున్నాడు. చాలాసేపు అలాగే చూసుకున్నాడు. ఆ ముఖం నేను మరిచిపోలేను.

ఆరోజు నుంచి బిగబట్టడం బంద్. వదలడం ఒక్కటే పని. పీల్చేది నాలుగు అంకెలైతే వదిలేది ఎనిమిది. దానికి భ్రామరి కలిపాను. చెవులు మూసుకుని, నోరు తెరవకుండా, ముక్కుతో ఝుమ్మని శబ్దం చేస్తూ గాలి వదిలేది. మొదట సిగ్గుపడ్డాడు. "ఇదేటి మేడమా, ఇంజిను స్టార్టయినట్టున్నాది" అన్నాడు. ఆ అక్టోబరు తర్వాత అతను వేసిన మొదటి జోకు అది. ఐదురోజులు మేడమీదే చేయించి, తర్వాత కిందికి దించాను. ఝుమ్మంటూ రోజుకి ఓ పాతిక అడుగులు అలలవైపు నడిచేవాళ్ళం. ఒడ్డున వలలు కుట్టేవాళ్ళు ఊరుకుంటారా? "ఒరే, లక్ష్ముడు ఇంజినేసుకుని వస్తన్నాడ్రా, తోవివ్వండి" అనేవారు. ఒకటి రెండుసార్లు మధ్యలో కూలబడ్డాడు కూడా. మళ్ళీ లేచేవాడు. జూన్ పన్నెండున మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి పదహారు అంకెల దాకా గాలి వదిలాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగాయని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

కానీ నీళ్ళలోంచి వచ్చాక అతని ముఖం ఇంకా నల్లబడింది. "మేడమా, గాలి ఒదిలీసరికి లోపల ఉన్నదంతా పైకొస్తన్నాది. ఇది తెలిస్తే నాను మొదలెట్టకపోదును" అన్నాడు. ఏమిటని అడిగాను. చెప్పలేదు. చెప్పాల్సింది నాకు కాదన్నాడు.

పద్నాలుగో తారీఖు. పదిగంటలకి బోటు పూజ. పొద్దున్న ఐదున్నరకే షెల్టరు మీదికి లక్ష్ముడు కూర్మమ్మని వెంటబెట్టుకొచ్చాడు. నేను దిగిపోబోతే, "మీరుండండి. మీరు నేకపోతే నా నోరు రాదు" అన్నాడు. కూర్మమ్మ గోడకానుకుని నిలబడింది. అతను కూర్చుని కాసేపు ఊపిరి వదిలాడు. తర్వాత అన్నాడు.

"ఒసే కూర్మీ. ఆ దినం వల గంగరాజు కాళ్ళకి సుట్టీసినాది. నాను కోస్తన్నాను. ఆడు నా సెయ్యి పట్టుకున్నాడు. నా కాడ గాలయిపోనాది. ఆడు వొదల్నేదు. నానే ఇడిపించుకున్నాను. ఇడిపించుకుని పైకొచ్చీసినాను." మళ్ళీ ఓసారి గాలి వదిలాడు. "గాలి పీల్సుకుని మల్లీ ములిగీసరికి ఆడు కదలకుండా ఉన్నాడు. అప్పట్నించీ గాలి పీల్సినప్పుడల్లా అదే, ఆడి గాలి నాను పీల్సీసినట్టు."

 కూర్మమ్మ ఏం చేస్తుందో, కొడుతుందో, శాపనార్థాలు పెడుతుందో అనుకున్నాను. ఆమె మాత్రం గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

"నాకు తెల్సు" అంది.

"ఏటి తెల్సు?"

"ఆ దినం నీ సేతికి పసుపు రాసింది ఎవులు? వల గీసుకుంటే ఎలగుంటాదో పుట్టినప్పట్నించీ సూస్తన్నాను. అయి వల గీతలు కావు, గోళ్ళు. ఎవులి గోళ్ళో కూడా తెల్సు. ఆడికి నానే గదా గోళ్ళు తీసీదాన్ని సిన్నప్పుడు."  కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వే సెప్తావని సూసినాను. ఎనిమిది నెల్లు సూసినాను. ఆడి సెయ్యి ఇడిపించుకున్నావని కాదు నాకు కోపం. నువ్వు పైకి రాకపోతే నాకు తమ్ముడూ ఉండడు, మొగుడూ ఉండడు, అది నాకు తెల్దేటి? నాకు సెప్పకుండా ఇంట్లో శవంలాగ తిరిగినావు సూడు, దానికి కోపం. అది ఇంకా ఉన్నాది."

లక్ష్ముడు పెద్దగా ఏడ్చాడు. ఏడవాలన్నా ఊపిరి వదలాలి కదా, అందుకే ఇన్నాళ్ళూ ఏడవలేదనుకుంటా.

పదిగంటలకి బోటు ముక్కు మీద అతను చెయ్యి వేశాడు. గీతలున్న చెయ్యే వేశాడు. మర్నాడు తెల్లవారుజామున వెళ్ళాడు కూడా. అలలు దాటుతుంటే ఝుమ్మన్నాడనీ, ఆరోజు బోటులో ఒక్కడూ నవ్వలేదనీ ధనరాజు తర్వాత నాతో చెప్పాడు. లక్ష్ముడు ఇప్పుడు మునగడు. వల రాళ్ళకి పట్టేస్తే కోసి వదిలేస్తున్నారు. మునకల లక్ష్ముడన్న పేరు మెల్లగా పోతోంది. అతనికి పూర్తిగా నయమైందని నేనెక్కడా చెప్పను. అక్టోబరులో గంగరాజు పోయిన రోజొచ్చినప్పుడు, వారంపాటు మళ్ళీ బోటెక్కలేకపోయాడు. ఎనిమిదో రోజున ఎక్కాడు.

ఫోటోల ఆర్డరు ఎప్పుడో అయిపోయింది. వేట లేని రోజుల్లో ఇప్పటికీ మేం ముగ్గురం పొద్దున్నే షెల్టరెక్కుతాం. కూర్మమ్మ ఆసనాలు వెయ్యదు, గాలి వదలడం ఒక్కటే చేస్తుంది. ఆఖర్న లక్ష్ముడు వెల్లకిలా పడుకుంటాడు. ఆ ఆసనం పేరు ఆవిడ ముందు నేనెత్తను. ఆవిడ పక్కనే కూర్చుని ఆ గీతలున్న చెయ్యి పట్టుకుంటుంది. అతను లేచేదాకా వదలదు.