అక్క చేతి దెబ్బ

మా అక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఇనుప ట్యాంకుల తుప్పు వదలగొట్టే పనిలో ఉంది. గొట్టంలోంచి గాలితో పాటు గరుకైన నల్ల పొడిని చిమ్మితే తుప్పు రాలిపోతుంది. కంప్రెసర్ చూసుకునేవాణ్ని నేను. ఆమె చేత తిట్లు తినేవాణ్నీ నేనే.

ఒక నీళ్ల ట్యాంకుకు మేం చేసిన పనిని ఇన్‌స్పెక్టర్ అప్పటికి రెండుసార్లు కాదన్నాడు. ఇనుము మీది చిన్న గుంటల్లో తుప్పు మిగిలిందట. మూడోసారి కూడా కాదంటే పని వేరేవాళ్లకు పోతుంది, మేమిద్దరం ఇంటికి పోతాం. లోపం ఎక్కడుందో అక్కకు తెలుసు. గొట్టం చివర బిగించే నాజిల్ పింగాణీది. పొద్దున బిగిస్తే సాయంత్రానికి రంధ్రం వెడల్పయి గాలి జోరు చచ్చిపోయేది. అక్క జేబులో ఎప్పుడూ ఒక డ్రిల్ బిట్ ఉంటుంది. అది రంధ్రంలో వదులుగా దూరిందంటే ఆ నాజిల్ పని అయిపోయినట్టే.

"ఇదిగో చూడు మేస్త్రీ, ఎలా ఆడుతోందో! బోరాన్ కార్బైడ్‌ది తెప్పించు. ఆ నాజిల్ నెలల తరబడి అరగదు," అంది అక్క, మా చేత పని చేయించే మేస్త్రీతో.

"ఇంకో పింగాణీది వేసుకోవమ్మా!"

"అయితే నువ్వే ఎక్కి చెయ్యి."

మేస్త్రీ తెప్పించాడు.

మొదటి పూట ఇనుము తళతళలాడింది. మధ్యాహ్నం పొడి ఉండకట్టి నాజిల్‌కు అడ్డుపడింది. అక్క గాలి కట్టేసి, ఎప్పటిలాగే నాజిల్‌ను నిచ్చెన మెట్టుకేసి టక్కున కొట్టింది. అంత గట్టి సరుకూ గాజులా చిట్లింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గొట్టం జారిపడిందని చెప్దాం అక్కా."

"నోర్ముయ్. కొట్టింది నేను."

నేరుగా మేస్త్రీ దగ్గరకు వెళ్లి ముక్కలు చేతిలో పెట్టింది.

"అరగదనే చూశాను గానీ, దెబ్బకు ఆగుతుందా అని ఆలోచించలేదు. తప్పు నాదే. టంగ్‌స్టన్ కార్బైడ్‌ది ఇవ్వు. కాస్త ముందే అరుగుతుంది గానీ, నా మొరటు చేతిని తట్టుకుంటుంది."

స్టోరులో ఒకటి దొరికింది. డ్రిల్ బిట్ అందులో దూరలేదు, అంటే రంధ్రం ఇంకా అరగలేదు.

అక్క నిచ్చెన మెట్లన్నిటికీ పాత సైకిల్ ట్యూబు చుట్టింది. నాజిల్ అడ్డుపడినప్పుడల్లా చెయ్యి దానంతటదే పైకి లేచేది. దాన్ని తిట్టి కిందికి దించి, నాజిల్ విప్పి, పుల్లతో శుభ్రం చేసేది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి..." అని నేను మొదలుపెడితే గ్లవ్ విసిరేది.

ఐదో రోజు ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి గుంటగుంటా వెతికి, సంతకం పెట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కంప్రెసర్ పొగ అని చెప్పాను.

"తర్వాతి ట్యాంకుకూ టంగ్‌స్టన్‌దేగా?" అన్నాడు మేస్త్రీ.

అక్క తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది.

"బోరాన్‌దే తెప్పించు. దీనికి బుద్ధి చెప్పాను."