లేని ప్రయాణానికి రిసార్టా, పడవా?

మా మేనత్త పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను గుడివాడలో బడికి బయల్దేరుతున్నాను. "తెల్లారగట్ట నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అని ఏడ్చాడు. ఆ ఏడుపులోనే, "డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువ రోజులే ఉంది" అన్నాడు. నాకర్థం కాలేదు. కడుపులో అల్సరున్న మనిషికి డాక్టరు గడువు పెట్టడమేమిటి? అప్పుడు చెప్పాడు. అల్సరు కాదు, క్యాన్సరు. బయటపడేసరికే లివరుకు పాకింది. ఆ రోజే ఇంట్లో అందరూ కూర్చుని ఆవిడకు చెప్పకూడదనుకున్నారట. నాకు కూడా.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే" అన్నాడు అన్నయ్య.

రోగం కబురూ చావు కబురూ ఒకే ఫోన్లో విన్నదాన్ని. ఈ నాలుగు మాటల్లో కోపం ఎక్కువైతే మన్నించండి.

ఆవిడ పటమటలో ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయింది. చిన్నతనంలోనే భర్త పోతే మా నాన్న దగ్గరికొచ్చేసింది, నాన్న పోయాక అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది. మునగకుండా నడుముకు ఎండు సొరకాయలు కట్టి కాలవలో నాకు ఈత నేర్పింది ఆవిడే. బుజ్జగింపులుండేవి కావు. "నీ కాళ్ళు నీళ్ళు తోస్తున్నాయా, పిండి రుబ్బుతున్నాయా?" అని గట్టు మీద జనమంతా వినేలా అరిచేది. సొరకాయలు విప్పే రోజు మాత్రం దగ్గరికొచ్చి, "ఇప్పుడు విప్పుతున్నా. మునుగుతావు. మునిగితే నేనున్నా. చెప్పకుండా మాత్రం విప్పను" అంది. బడిలో నా పిల్లలకు కష్టమైన సంగతి చెప్పాల్సి వస్తే నేనూ అలాగే ముందు చెప్పేస్తాను. అది ఆవిడ పెట్టిన భిక్షే.

రిటైరయ్యాక తోటి టీచర్లతో అండమాన్ వెళ్ళింది. అక్కడ వీపున గాలి సిలిండరు కట్టించుకుని, శిక్షకుడి చెయ్యి పట్టుకుని కాసేపు సముద్రం అడుగున తిరిగొచ్చింది. ఇంటికొచ్చి, "ఇన్నాళ్ళూ బురదనీళ్ళలో కళ్ళు మూసుకుని ఈదానే. అక్కడ తెరిచాను" అంది. ఇక అదే ధ్యాస. మాల్దీవులు వెళ్ళాలి, ఈసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఆ ఏర్పాట్లలో ఉండగానే కడుపునొప్పి మొదలైంది.

మాల్దీవుల్లో మునగడానికి రెండు పద్ధతులున్నాయి. దీవి మీద రిసార్టులో గది తీసుకుని, రోజూ దగ్గర్లో మునిగి సాయంత్రానికి గదికి చేరడం ఒకటి. వారం పాటు పడవలోనే తిని, పడవలోనే పడుకుని, దూరాన జనం వెళ్ళని చోట్ల మునగడం రెండోది. అత్తయ్యకు పడవే కావాలి. "పొద్దున లేచి కాలు కింద పెడితే నీళ్ళే ఉండాలి" అనేది.

"ముందు బరువు పెరగాలత్తయ్యా, అప్పుడే డాక్టరు ఒప్పుకుంటాట్ట" అని అన్నయ్య ఒక మాట అల్లాడు. మంచికే అల్లాననుకున్నాడు. ఆవిడ నమ్మింది. రాగిజావ తాగేది, కక్కేది, నోరు కడుక్కుని మళ్ళీ గ్లాసు పట్టుకునేది. నా కళ్ళారా చూశాను. "ఎందుకత్తా అంత కష్టపడటం?" అంటే, "నీకేం తెలుసే, బరువు చూసేది నిన్నా నన్నా?" అని కసిరింది. నిజం తెలిసినవాళ్ళు పక్కనే నిలబడి ఇంకో గరిటె పోశారు. దీన్ని ప్రేమ అంటే అనండి. నాకు మాత్రం ఆ మాట నోటికి రావడం లేదు.

ఒక ఆదివారం అన్నయ్య హాల్లో పంచాయితీ జరిగింది.

"సముద్రం మధ్యలో ఏదన్నా అయితే ఎవడు దిక్కు? రిసార్టయితే డాక్టరుంటాడు, కాస్త పెరుగన్నమన్నా దొరుకుద్ది" అన్నాడు అన్నయ్య.

"పడవ ఊగితే ఇంకా వాంతులే అత్తయ్యగారూ" అంది వదిన.

"రిసార్టంటే ఒడ్డేగదరా! ఒడ్డున కూర్చోడానికి మంగినపూడి బీచి చాలదూ? బస్సెక్కితే దిగబెడతాడు" అంది అత్తయ్య.

నేను ఆవిడ పక్షం. మాటా మాటా పెరిగింది. అన్నయ్య ముఖం ఎర్రబడి, "పడవంటే మాత్రం నేను గడప దాటనివ్వను. పంతమా, ప్రాణమా?" అని టీపాయ్ మీద గుద్దాడు. అత్తయ్య వాడికేసి చాలాసేపు చూసింది. దేనికీ తగ్గని మనిషి తగ్గింది.

"సరేలేరా పెద్దోడా. రిసార్టే కానీ. నువ్విక్కడ కూర్చుని హడలిపోతుంటే నాకక్కడ ఊపిరాడదు."

అన్నయ్య గెలిచిన సంతోషంలో అందరికీ కాఫీ పెట్టమన్నాడు. అత్తయ్య కాఫీ ముట్టలేదు. ఆ తర్వాత మాల్దీవుల మాట మేమెత్తితే ఊఁ కొట్టేది తప్ప తనంతట తానెత్తలేదు.

దహనమయ్యాక అన్నయ్యను నిలదీశాను. "ఎలాగూ వెళ్ళేది లేదని నీకు తెలుసు. ఆవిడ పడవంటే పడవేనని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

వాడు తల వంచుకున్నాడు. "వెళ్ళట్లేదన్న సంగతే మర్చిపోయానే. మాటల్లో పడి నిజంగానే వెళ్తున్నామనుకున్నా. నిజంగానే భయమేసింది."

అబద్ధం చెప్పడం లేదు వాడు. వాంతులు ఎత్తిపోసిందీ, ఎత్తుకుని బాత్రూముకు తీసుకెళ్ళిందీ వాడే. అయినా నాకు కడుపు మండింది, ఇంకా మండుతోంది. లేని ప్రయాణంలో కూడా ఆవిడ కోరిక నెగ్గనివ్వలేదు మావాళ్ళు.

అస్థికలు కలపడానికి కృష్ణ ఒడ్డుకు వెళ్ళాం. ఆడవాళ్ళెందుకన్నారు, నేను ఆగలేదు. ఎండాకాలం, రేవులో నీళ్ళు పలచగా ఉన్నాయి. పడవతను వచ్చి, "మధ్యకి తీసుకెళ్తానండీ, అక్కడయితే లోతుంటది, పారుద్ది" అన్నాడు. నేను పడవ ఎక్కడానికి కాలు ఎత్తాను.

"పడవెందుకులే, మెట్ల దగ్గరే చాలు" అన్నాడు అన్నయ్య.

పంతులుగారు సరేనన్నారు. అన్నయ్య వంగి కుండ వంచాడు. బూడిద, రెండు బంతిపూలు నాచు మీద పడి అక్కడే ఆగిపోయాయి. నేను చీర తడిసినా చూసుకోకుండా దిగి రెండు చేతులా లోపలికి తోశాను. బూడిద కాస్త దూరం వెళ్ళేది, చిన్న అల మళ్ళీ తెచ్చి మెట్టుకు ఆనించేది.