ఐసు డబ్బాలో ఉన్నది

ఏడేళ్లుగా మోస్తున్నాను. చర్చిలో మోకరించినప్పుడు కూడా కోపం, అసూయ లాంటి చిల్లర పాపాలు ఒప్పుకుని, ఈ ఒక్కటీ దాటేసి లేచేదాన్ని. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

రాయపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. మా డాక్టరు గారు ఒక పరిశోధన చేసేవారు. మనం తిన్నదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయట. అవి ఒంట్లోని తెల్లకణాలను పెద్దపేగు క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతాయా, జోకొడతాయా అని చూసేవారు. రోగుల మలం ఐసులో పెట్టి గంటలో ల్యాబుకు చేర్చడం నా పని.

ఆ రోగుల్లో అప్పారావు గారు మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మనిషే, రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టర్. మే నెలలో ఒక ఉదయం ఆయన నమూనా ఉన్న ఐసు డబ్బా తీసుకుని, దారిలో స్టేషన్‌లో ఆగాను. విశాఖ నుంచి పిన్ని రైల్లో వంజరాలు పంపింది. బుట్టలో ఐసు కరిగిపోయింది. ఇక్కడ సముద్రపు చేప దొరకడమే గగనం! డబ్బాలోని ఐసంతా చేపలకు కప్పి ఇంటికి చేరేసరికి ఎండకు నమూనా పాడైంది. డాక్టరు గారి తిట్లకు భయపడ్డాను. డబ్బా కడిగి, నాది పెట్టి, పక్క దుకాణంలో ఐసు కొని, ఆయన పేరుతోనే ఇచ్చేశాను. ఆ ఐసేదో ముందే చేపలకు కొని ఏడవొచ్చు కదా? ఛీ!

ఫలితం బ్రహ్మాండం. పేగులు ఇంత బాగున్నాయేమిటని డాక్టరు గారు మురిసిపోయారు, ఆపరేషన్ మాత్రం తప్పదన్నారు. అప్పారావు గారికి మొదటి మాటే వినిపించింది.

"రిపోర్ట్ ఏక్‌దమ్ ఠీక్ అన్నారు గదా చెల్లెమ్మా. రోజూ తినే సద్దన్నమే నాకు దవా. ఇంక కోతెందుకు? నువ్వు సెప్పు."

"మీ ఇష్టం అన్నయ్యా" అన్నాను.

ఐదు నెలలకు తిరిగొచ్చారు. అప్పటికే కాలేయానికి పాకింది. అన్ని మంచి ఆమ్లాలుండి కణితి ఎలా పెరిగిందో అంతుపట్టక డాక్టరు గారు తల పట్టుకున్నారు. పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పానా? లేదు. ముందే కోసి ఉంటే బతికేవారా? ఎవరూ చెప్పలేరు, అదే నన్ను నమిలేస్తోంది.

ఆయన భార్య రమణమ్మ వదిన ఇప్పటికీ కుళాయి దగ్గర అందరితో అంటుంది, ఆయన పేగులు మంచివే, డాక్టరే చెప్పారు, ఏ పాడు దిష్టో తగిలిందని. నేను తలాడిస్తాను.

వదినా, ఆ మంచి పేగులు ఆయనవి కావు. నావి.