పాడె మీద మా బాపు

మా బాపు బతికుండగానే చాలాసార్లు చచ్చాడు. ఒకసారి పాము కరిచి, ఒకసారి కొరివిదయ్యం తగిలి, ఒకసారి అల్లుడు వండిన బిర్యానీ తిని. అన్నీ రవీందర్ తీసిన సినిమాల్లోనే లెండి. ఆఫీసులో ఎవరైనా "ఏం భార్గవీ, మీ నాన్న మళ్లీ పోయాడటగా, దినం ఎప్పుడు?" అని ఇకిలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. "పిలుస్తాలే, ఉత్త చేతుల్తో మాత్రం రాకు" అంటాను. నవ్వేవాళ్లను నవ్వనీ. ఈ జిల్లాలో మా బాపులా చావగలిగినవాడు ఇంకొకడుంటే తెచ్చి చూపించమనండి.

ఆయన పేరు బానోత్ రామ్‌సింగ్. మాది పెనుబల్లి అవతల తండా. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేశాడు, రిటైరయ్యాక శవమయ్యాడు. రవీందర్‌ది ఖమ్మం ఖానాపురం హవేలిలో నేనుండే వీధే, అక్కడే ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు తీసే కెమెరాతోనే ఎండాకాలం దయ్యాల సినిమాలు తీసి యూట్యూబ్‌లో పెడతాడు. లైట్లు లేవు, జనరేటర్ లేదు. అందుకే అతని దయ్యాలన్నీ మిట్టమధ్యాహ్నం తిరుగుతాయి. దయ్యానికి కట్టేది అతని భార్య ప్రమీల తెల్లచీర. మరక పడితే ఇంట్లో గొడవ కాబట్టి దయ్యం ముళ్లకంప కనిపించిన చోటల్లా కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మరీ నడుస్తుంది. చూసేవాళ్లు పడిపడి నవ్వుతారు. ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే అది గిరుక్కున వెనక్కి తిరిగి చూస్తుంది, గుండె ఝల్లుమంటుంది. రవీందర్‌కు కావాల్సింది అదే.

బాపు ఈ పనిలోకి దిగింది అనుకోకుండానే. మా తండా పక్క మామిడితోటలో షూటింగ్ పెట్టారు. శవం వేషానికి తెచ్చిన పిల్లాడు పడుకున్న ప్రతిసారీ తుమ్మాడు. తువ్వాలు భుజాన వేసుకుని చూడ్డానికి వచ్చిన బాపుకు చిరాకు పుట్టి, "నువ్వు జరుగు బిడ్డా" అని వాణ్ణి లేపి తానే పడుకున్నాడు. నెత్తురని బెల్లంపాకంలో కుంకుమ కలిపి మొహం మీద పోశారు. కాసేపటికి చీమలు పట్టాయి. కనురెప్పల మీద చీమలు పాకుతున్నా బాపు కదల్లేదు. కెమెరా ఆపాక కూడా లేవకపోయేసరికి రవీందర్ హడలిపోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"కట్ చెప్పినవా లేదా ముందుగాల?" అన్నాడు బాపు కళ్లు తెరవకుండానే.

ఆ రోజు నుంచి రవీందర్ సినిమాల్లో ఎవరు చావాలన్నా బాపే చచ్చాడు. అది ఊరికే పడుకోవడం అనుకుంటారు జనం. "పక్కనోళ్లు ఏడుస్తరు, నవ్విస్తరు, తిడ్తరు. ఏదీ నీది కాదన్నట్టు ఉండాలె. గది అందరి వశం కాదు బిడ్డా" అంటాడు బాపు. కండక్టరుగా ఉన్నప్పుడు కిక్కిరిసిన బస్సులో కమ్మీకి ఆనుకుని నిలబడే కునుకు తీసిన మనిషి. కదలకపోవడం ఆయనకు అప్పుడే పట్టుబడిందని నా అనుమానం.

ఇదంతా గిట్టనిది ఒక్క యాడికే. అమ్మను మేం యాడి అంటాం. మా యాడి పేరు పూలి. బాపు షూటింగ్ నుంచి వచ్చాడంటే గడప ఇవతలే ఆపేసేది. నిజంగా చావుకు పోయి వచ్చినవాళ్లకు పెట్టినట్టే వాకిట్లో బకెట్ నీళ్లు పెట్టి, "తానం చేసి రా" అనేది. అంతే, వేరే మాట లేదు. ఆ సినిమాల్లో ఒక్కటి కూడా చూడలేదు. నేను ఫోన్‌లో పెట్టి చూపించబోతే, "సావును ఫోన్‌ల పెట్టుకొని తిరుగుతున్నవా, సిగ్గులేదా?" అని నన్ను తిట్టింది.

పోయిన వేసవిలో రవీందర్ మొదటిసారి హాల్లో వేసే సినిమా మొదలుపెట్టాడు. పేరు 'నడిమిట్ల దించకుండ్రి'. కథ మొత్తం దింపుడు కళ్లం మీదే. శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో పాడె దించి, ప్రాణం ఉందేమోనని చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, ఈ కథలో ఆ శవం పలుకుతుంది. "ఇంటికి పోదాం పాండ్రి" అని లేచి కూర్చుంటుంది. కానీ ఇంటికి తీసుకుపోవడానికి ఎవరూ ఒప్పుకోరు. మంచం అన్న తీసుకున్నాడు, మేక తమ్ముడు తీసుకున్నాడు, ఇప్పుడు ఇతన్ని ఎక్కడ పడుకోబెట్టాలి? నువ్వు చచ్చావయ్యా, నమ్ము అని ఊరంతా కలిసి నచ్చచెప్తుంది.

అంటే, ఇన్నేళ్లకు మా బాపుకు ఒక మాట వచ్చింది. అదీ సినిమాకు ప్రాణంలాంటి మాట. చూడాలి ఆయన సంబరం. గేదెకు నీళ్లు పెడుతూ "ఇంటికి పోదాం పాండ్రి", గడ్డం గీసుకుంటూ "ఇంటికి పోదాం పాండ్రి". నాకు ఫోన్ చేసి, "బిడ్డా, 'పోదాం' మీద గట్టిగ అనాల్నా, 'ఇంటికి' మీద అనాల్నా?" అని అడిగేవాడు.

యాడి విననే విన్నది. ఆ పలుకు ఎక్కడ పలకాలో తెలిసిన రోజు పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. నేను ఆ రోజు తండాలోనే ఉన్నాను.

"పాడె మీద పండుకున్నవ్, ఊకున్న. మొకాన నెత్తురు పోసుకున్నవ్, ఊకున్న. దింపుడు కళ్లం కాడ పేరు పెట్టి పిలిస్తే పలుకుడు ఆట కాదు. ఇయ్యాల అబద్ధానికి పలికినోడు రేపు నిజంగ పిలిచిననాడు పలుకుతడా?"

బాపు గడప మీద కూర్చున్నాడు. "ఇన్నేండ్లకు ఒక్క మాట ఇచ్చిండ్రు నాకు. గది చెప్పి ఇడిసిపెడ్త" అన్నాడు.

"అయితే ఆ మాట చెప్పి ఆడనే ఉండు. ఈ ఇంటికి రాకు."

యాడి ఒకమాట అన్నదంటే అన్నట్టే. తెల్లారి బాపు అన్నం తినకుండానే బయల్దేరాడు. నాకు భయం వేసి సెలవు పెట్టి వెంట వెళ్లాను. మాట కోసం పోతున్నాడు, వస్తే ఇల్లు ఉంటుందో లేదో తెలియదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఏ ఒక్కరినీ తప్పు అనలేకపోయాను.

షూటింగ్ బూర్గంపాడు దగ్గర, గోదావరి ఇసుకకు దిగే దారిలో. పాడె కట్టారు. బాపు దవడకు గుడ్డ, ముక్కులో దూది, మెడలో బంతిపూలు. ఎండ మాడిపోతోంది. ఆ దారిన సంతకు పోతున్న గోపాలు అనే ఆయన, పక్క అడవి ఊరి మనిషి, నిజంగా ఎవరో పోయారనుకుని చింతపండు గంప పక్కన దించి వచ్చి భుజం పట్టాడు. ఎవరు ఏమిటని ఒక్క మాట అడగలేదు. నాలుగడుగులు వేశారో లేదో, పైనుంచి శవం మెల్లగా, "తమ్మీ, నువ్వు పొట్టిగున్నవ్, నా తల కిందికైతున్నది" అంది. గోపాలు పాడె వదిలేయనందుకు ఆయన ధైర్యానికి దండం పెట్టాలి. విషయం తెలిశాక కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఇక సంతకు పోకుండా మాతోనే ఉండిపోయాడు.

అసలు సీను మాత్రం కుదరలేదు. శవానికి కొడుకుల్లేరు కాబట్టి పెళ్లామే పేరు పెట్టి పిలవాలి. ఆ వేషం ఖమ్మం నుంచి వచ్చిన పుష్పలతది. మంచి మనిషి, కష్టపడింది, గ్లిజరిన్ పెట్టుకుని బోలెడు ఏడ్చింది. కానీ ఆ ఏడుపుకు భయమూ లేదు, నవ్వూ లేదు. మళ్లీ మళ్లీ తీశారు. పాడె మోసేవాళ్ల భుజాలు ఒరుసుకుపోయాయి. రవీందర్ మొహంలో కళ తప్పింది.

ఇంకోసారి చేద్దామని పుష్పలత బాపు చెవి దగ్గరికి వంగింది. అప్పుడు రోడ్డు మీద బస్సు ఆగి యాడి దిగింది. రెండు బస్సులు మారి వచ్చింది, ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కుపోదామని. పాడె చూసి ఒక్క క్షణం ఆగింది. అది సినిమా అని ఆమెకు తెలుసు. అయినా కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తర్వాత గబగబా ఇసుకలో నడిచి వచ్చి పుష్పలత చెయ్యి పట్టుకుంది.

"నా మొగని చెవుల నువ్వెందుకు పిలుస్తవ్ బిడ్డా? పిలిచేదుంటే నేను పిలుస్త. పలికితే నాకే పలుకాలె."

పుష్పలత పక్కకు జరిగింది. రవీందర్ కెమెరా ఆపలేదు. యాడి పాడె పక్కన కూలబడింది. కానీ మా తండాలో ఆమె వయసు ఆడవాళ్లు మగని పేరు నోట పలకరు. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ పేరు పలకగా నేను వినలేదు. నోరు తెరిచింది, పేరు రాలేదు. ఏడుపు వచ్చింది.

మా ఆడవాళ్లది రాగం తీసే ఏడుపు. చుట్టం వచ్చినా మెడ పట్టుకుని అలాగే ఏడుస్తారు, మనిషి పోయినా అలాగే. సగం మా లంబాడీ మాటలో, సగం తెలుగులో ఎత్తుకుంది యాడి.

"మోటరు కాలిందంటే రేపు చూస్తనంటివి, ఆ రేపు ఏడబెట్టి పోతివయ్యా... అలిగి అన్నం తినక పోతివి, నీ బువ్వ కుక్కకు పెడితే కుక్క గూడ అలిగి తినకపాయె... నీ గురకకు ఇన్నేండ్లు నిద్ర లేకపాయె, ఇగ నీ గురక లేక నిద్రెట్ల వచ్చునయ్యా..."

మోసేవాళ్ల భుజాలు ఎగిరిపడుతున్నాయి. నవ్వో ఏడుపో వాళ్లకే తెలియలేదు. గోపాలు తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. నేను నవ్వుతున్నాను, చెంపలు తడిసిపోతున్నాయి. చీమలకు కదలని మా బాపు మూసిన కంటి కొస నుంచి ఒక్క నీటిబొట్టు చెవి వైపు జారింది. శవం కంట్లో నీళ్లు.

యాడి వంగింది. "ఓ ఇగో" అంది. పాడె మీద చలనం లేదు. "భార్గవి బాపూ" అంది. అప్పుడూ లేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన చెవి మీద నోరు పెట్టి, "రామ్‌సింగ్" అని పిలిచింది.

బాపు కళ్లు తెరిచాడు. ఇన్నాళ్లు గేదె ముందు దిద్దుకున్న ఒక్క మాట, దానికోసమే ఇల్లు వదిలి వచ్చిన మాట. దవడకు కట్టిన గుడ్డ సందులోంచి గొంతు బొంగురుగా వచ్చింది.

"ఇంటికి... రావచ్చునా?"

మోసేవాళ్లలో ఒకడు నిజంగానే పరుగెత్తాడు. యాడి ఆయన్ని అలాగే చూసింది.

"తానం చేసి రా" అంది.

రవీందర్ కట్ చెప్పడం మర్చిపోయి ఇసుకలో కూర్చున్నాడు. ఆ తర్వాత కథ కొంత మార్చి రాసుకున్నాడు. ఆ సీను మాత్రం ఒక్క ముక్క కోయకుండా ఉంచాడు. మా మాట ఉన్నచోట కింద తెలుగు అక్షరాలు వేశాడు. రాసిచ్చిన మాట చెప్పలేదని బాపు బాధపడుతుంటే, "నేను రాసింది ఎవనికి గావాలె మామా" అన్నాడు.

ఖమ్మంలో ఒక హాలాయన పొద్దుటి ఆట ఇచ్చాడు. తండాకు తండా ట్రాలీ ఆటోల్లో దిగింది. గోపాలు పెళ్లాం వనజను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆఫీసులో దినం ఎప్పుడని అడిగినవాడు కూడా వచ్చాడు, నేనే టికెట్ ఇచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాను. కుక్క అలిగిందన్నప్పుడు హాలు గొల్లుమంది. శవం కంట నీళ్లు జారినప్పుడు ముందు వరసలో ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. "ఇంటికి రావచ్చునా" దగ్గర నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయి హాలంతా గమ్మున ఉండిపోయింది. తర్వాత చప్పట్లు. నా పక్కన యాడి తెర చూడలేదు, జనాన్నే చూసింది. వీళ్లు నా కన్నతల్లీ కన్నతండ్రీ అని లేచి అరవాలనిపించింది నాకు. సగం అరిచాను కూడా.

బయట మెట్ల మీద జనం చుట్టుముట్టి బాపు మెడలో దండ వేశారు. ఒకామె యాడి చేతులు పట్టుకుని, "నిజంగా ఏడ్చారా అమ్మా?" అని అడిగింది.

"నిజంగనే ఏడ్చిన. పోతే గట్లనే ఏడుస్త" అంది యాడి, తల ఎత్తుకుని. రవీందర్ వైపు తిరిగింది. "ఈపాలి నన్ను పండుకోబెట్టు బాబూ. ఈయన ఏడుస్తడు."

రవీందర్ కళ్లు మెరిశాయి. బాపు మొహంలో అంతవరకూ ఉన్న నవ్వు పోయింది. "వద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు? నువ్వు ఎన్నిసార్లు పోలేదు? నేను ఒక్కసారి పోతే ఏమైతది?"

ఎవరో చెయ్యి కలపడానికి వచ్చారు. బాపు చూడలేదు. "నీలెక్క నాకు ఏడ్వరాదు పూలీ" అన్నాడు మెల్లగా.

యాడి ఆయన చొక్కా మీద అంటుకున్న పూలరెక్కను తీసి పడేసింది.

"నేర్చుకో" అంది.