చల్లని ఇంజనే నిజం చెప్తాది

మా అయ్యోరి మేస్త్రీ పోయినాడు. పోయిన శుక్రవారం పొద్దన్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నోడు ఆనుకున్నట్టే పోయినాడంట. ఆ కబురు నాకు ఫోన్లో చెప్పింది తొండూరు కాడి గొర్ల మామ. ఇన్నేండ్లలో ఆ మనిషి నాకు ఫోన్ చేయడం అదే మొదలు. "సామి పోయినాడప్పా. నీకు తెలియల్ల గదా అని చేసినా" అని పెట్టేసినాడు. ఆ గొర్ల మామ ఎవరో, నాతో ఎందుకు మాట్లాడడో చెప్పకుండా మా మేస్త్రీ గురించి చెప్పడం కుదరదు. నేను రాసేటోణ్ణి కాదు, కార్లు తోలేటోణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. గుడి పూజారి కొడుకు. తండ్రి గంట చేతికిస్తే ఈయన పానా పట్టుకున్నాడు. అందుకే ఊరంతా అయ్యోరి మేస్త్రీ అనేది, ఎదురుగా మాత్రం సామీ అని పిలిచేది. టూల్ బాక్సు తాళంచెవి జంధ్యానికి కట్టుకొని ఉండేటోడు. మధ్యాన్నం అన్నానికి ముందు రంపపు పొట్టుతో ఒకసారి, సీకాయతో ఒకసారి చేతులు రుద్దుకునేది. ఎంత రుద్దినా గోర్ల కింద నలుపు పోయేది కాదు. "మా నాయన చేతికి విభూతి, నా చేతికి గ్రీసు. రెండూ కడిగితే పోయేవి కాదులేప్పా" అని నవ్వేటోడు.

ఆయనకు ఒక పట్టు ఉన్నింది. వేడి బండి తెచ్చి శబ్దం చూడమంటే చూడడు. కలెక్టరు బండైనా సరే. "రాత్రికి ఈడ పెట్టి పో. పొద్దన్నే వింటా" అనేది. అందరూ దాన్ని పొగరనుకునేటోళ్ళు. కాదు. ఇంజను నుంచి మంట, పొగ బయటికి పోయే పోత ఇనుము గొట్టం ఒకటి ఉంటాది, నాలుగు వేళ్ళ చెయ్యి మాదిరి. దాన్ని మానిఫోల్డ్ అంటారు. పాత కార్లల్లో అది పగలడం మామూలే. పగిలితే ఆ సందులోంచి మంట కక్కుతాది, పక్కనే పెట్రోలు పైపు ఉంటాది. ఇంగ చెప్పే పని లేదు. అయితే ఆ పగులు చల్లంగ ఉన్నప్పుడే టిక్కు టిక్కుమంటాది. వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకుంటాది, కిక్కురుమనదు. మేస్త్రీ ఒక రబ్బరు గొట్టం కొన చెవిలో పెట్టుకొని, ఇంకో కొన ఇంజను మీద అట్ల ఇట్ల తిప్పుతా కండ్లు మూసుకొని వినేటోడు. "చల్లని ఇంజనే నిజం చెప్తాదప్పా. వేడిమీద అన్నీ నోరు మూసుకుంటాయి" అని శానాసార్లు చెప్పినాడు.

నేను తోలింది పెద్దముడియం దిక్కు ఒక నాయకుని కారు. ఆయన పేరెందుకులే. అందరం అన్న అనేది. అవి రెండు పార్టీల జెండాలు రెండు ఊర్ల మధ్య గోడల మాదిరి నిలబడిన కాలం. పాత తెల్ల పెట్రోలు కారు అది, మా కాడికి వచ్చేటప్పటికే రెండు చేతులు మారినాది. తలుపుల లోపల ఇనుప రేకులు వేయించినాం. పరాయి ఊర్ల బంకుల్లో ఆపకూడదని డిక్కీలో ఎప్పుడూ పెట్రోలు క్యాను. ఎవుడన్నా ఇంజన్లో బాంబు పెడతాడని బానెట్టుకు కొక్కెం వెల్డింగ్ చేయించి తాళం వేయించినాం. తాళంచెవి అన్న జేబులో. రాత్రిపూట ఆ కారు అన్న ఇంటి కాంపౌండు దాటి యాడా ఉండకూడదు. ఆ తాళం చూసినప్పుడల్లా మేస్త్రీకి వొళ్ళు మండేది. "దొంగకు భయపడి ఇంటికి తాళమేస్తారు. మీరు అగ్గిని లోపల పెట్టి తాళమేస్తాండారు గదరా నాయనా!" అనేది. మేం నవ్వేటోళ్ళం.

ఆ ఎలక్షన్ల ఎండాకాలంలో ఒక దినం ప్రొద్దుటూరులో పని చూసుకొని పులివెందులకు పోవల్ల. ఆడ మీటింగు. దావలో ఫ్యాను బెల్టు బిగించుకుందామని షెడ్డు కాడ ఆపినాం. అన్న తాళంచెవి ఇచ్చినాడు. మేస్త్రీ బానెట్ ఎత్తి, బెల్టు చూడకుండా ముక్కుతో గాలి పీల్చి, మానిఫోల్డ్ పక్కన మసి వేలితో తుడిచి చూసినాడు. రబ్బరు గొట్టం పెట్టి విన్నాడు. "ఇప్పుడు పలకడం లేదు, వేడి మీదుంది. నాకెందుకో అనుమానంగా ఉంది. రెండు దినాలు ఈడ పెట్టి పోండి."

అన్న పకపకా నవ్వినాడు. "ఏంది సామీ, నీ షెడ్డులో రెండు రాత్రులు పెట్టి, మూడో దినం బాంబుతో సహా తీస్కపొమ్మంటావా?"

మేస్త్రీ ఆయనతో వాదించలేదు. నా దిక్కు తిరిగినాడు. "పొద్దన్నే స్టార్ట్ చేసేది నువ్వే గదా. చెప్పప్పా. చల్లంగ ఉన్నప్పుడు టిక్కు టిక్కు అంటాండాదా?"

అంటాండాది. మూడు పొద్దుల నుంచి వింటాండా. అయితే అన్న వాచీ చూసుకుంటా నన్నే చూస్తాండాడు. అంటాండాదని చెప్తే, మూడు దినాలుగా వింటా నాకెందుకు చెప్పలేదురా అంటాడు. నన్ను దించి వెనక జీపులో ఎక్కిస్తాడు. అన్న కారు తోలేటోడంటే ఊర్లల్లో నాకు ఎంత మర్యాదో మీకు తెలియదు. కాఫీ హోటల్లో నేను పోతే లేచి కుర్చీ ఇచ్చేటోళ్ళు. ఆ సీటు పోతాదని భయం.

"లేదు సామీ" అంటిని.

ఆయన నా మొగం దిక్కు చూసినాడు. నమ్మలేదు. అయినా ఇంగేం చేస్తాడు, పెట్రోలు పైపుకు వేడి తగలకుండా అగ్గికి కాలని ఆస్బెస్టాస్ తాడు చుట్టి, బెల్టు బిగించి, "నెమ్మదిగా పో. తాళంచెవి నీ కాడ పెట్టుకో" అన్నాడు. అన్న తాళంచెవి తీసుకొని తన జేబులో వేసుకున్నాడు.

ముద్దనూరు దాటి, తొండూరు కూడా దాటినాక మిట్ట ఎక్కుతాంటే బానెట్ అంచుల నుంచి పొగ లేసింది. చూస్తాండంగనే రంగు బొబ్బలెక్కింది. నేను ఆపి దిగేలోపలే అన్న వెనక తలుపు తెరిచి "బాంబురా!" అని అరుస్తా చేన్లోకి దూకినాడు. జీపులో ఉన్న మా మనుషులంతా ఆయన వెనకాల్నే. తాళంచెవి ఆయన జేబులోనే పాయె. నేను ఒట్టి చేతుల్తో ఆ తాళం పట్టుకొని గుంజితి. అరచేయి తోలు దానికే అంటుకునింది.

అప్పుడొచ్చినాడు గొర్ల మామ. ఆ మిట్ట కింద గొర్లు మేపుకుంటాండె. కుండలో తాగే నీళ్ళు కంబళి మీద కుమ్మరించుకొని, పరిగెత్తుకుంటా వచ్చి బానెట్ మీద కప్పినాడు. రెండు చేతుల్తో మట్టి ఎత్తి పోసినాడు. "పక్కకు రాప్పా, కాలిపోతావు!" అని నన్ను గుంజి పారేసినాడు. ఆయన మోచేతుల దాకా కాలినాయి. కంబళి కూడా కాలిపాయె. అయినా మంట కారు లోపలికి పాకింది. మేం ఎనక్కి జరిగినాక డిక్కీలో పెట్రోలు క్యాను ధామ్మని పేలింది. చుట్టుపక్కల ఊర్లన్నిటికీ వినపడినాదంట.

ఆ శబ్దమే బాంబు అయింది. మాపటేలకంతా అన్న మీద బాంబు దాడి అని జిల్లా అంతా తెలిసిపాయె. గొర్ల మామది అవతలి పార్టీ ఊరు. కారు కాడ కనపడిన మనిషి ఆయనొక్కడే. ఎవరేసినారని పోలీసులు నన్ను అడిగినప్పుడు అన్న పక్కనే ఉన్నాడు, ఆ గొర్లోడేనని నా కంటే ముందు అన్నే చెప్పినాడు. నేను తల ఊపినా. కట్టు కట్టిన చేత్తో సంతకం పెట్టినా. అగ్గి ఆర్పను వచ్చినోణ్ణి అగ్గి పెట్టినోడని రాసిన కాగితం మీద పెట్టినా. థూ, ఏం బతుకు నాది!

ఈ సంగతి తెలిసి మేస్త్రీ ఏం చేసినాడో వినండి. బస్సెక్కి తొండూరు పోయినాడు. రోడ్డు పక్కన బూడిదై పడుండిన కారులోంచి ఆ మానిఫోల్డ్ విప్పి, గోనెసంచిలో వేసుకొని ప్రొద్దుటూరుకు తెచ్చుకున్నాడు. కేసు నడిచినప్పుడు ఆ సంచి భుజాన వేసుకొని కోర్టుకు వచ్చినాడు. ఎవ్వరూ పిలవలేదు, ఆయనే గొర్ల మామ లాయరును వెతుక్కొని పోయి సాక్ష్యం చెప్తానన్నాడు.

"అయ్యా, ఇది బాంబు కాదు. పోత ఇనుము పగులు. పగులు లోపల్దాకా పాత మసి గట్టిపడి ఉంది చూడండి. ఇది ఆ పొద్దు పగిలింది కాదు, అంతకు ముందు నుంచే ఉంది" అని చూపించినాడు. మా దిక్కు లాయరు లేచి "నువ్వేమన్నా ఇంజనీరువా?" అంటే, "కాదయ్యా. ఇంజనీర్లు నా కాడికి బండ్లు తెస్తారు" అన్నాడు. కోర్టంతా నవ్వినారు. తర్వాత నన్ను పిలిచినారు. ఆయన సంచి ఒళ్ళో పెట్టుకొని ముందు బెంచీలో కూచోనున్నాడు. ఆయన్ను చూడకుండా బాంబని చెప్పి దిగొచ్చినా.

మా వాళ్ళు ఆయన షెడ్డుకు బండ్లు ఆపేసినారు, అదొక లెక్క. అవతలి పార్టీ వాళ్ళు కూడా ఆపేసినారు. ఎందుకంటారా? వాళ్ళ నాయకునికి కూడా అది బాంబు కావల్ల! మేమే వేసినాం అని వాళ్ళు చెప్పుకుంటే ఆయన మీసానికి విలువ. మానిఫోల్డ్ పగిలింది అంటే ఎవురికి లాభం? జైల్లో కూచున్న గొర్ల మామకు తప్ప ఎవురికీ లేదు. మేస్త్రీ షెడ్డుకు ఇంగ వచ్చేటివి ట్రాక్టర్లు, పాత మోపెడ్లు. ఆయన వాటికి కూడా రబ్బరు గొట్టం పెట్టి వినేటోడు.

గొర్ల మామ బయటికొచ్చేటప్పటికి మంద లేదు. కేసు కొట్టేసినారు, మంద ఎవరు తెచ్చిస్తారు? నా సంగతి అడుగుతారేమో. చెయ్యి కాలినోడు స్టీరింగ్ ఏం తిప్పుతాడురా అని అన్న వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. ఏ సీటు కోసం అబద్ధం చెప్పినానో ఆ సీటు కోర్టులో చెప్పినాక నెల కూడా నిలవలేదు. బాగైంది నాకు. ఆనక కొన్నేండ్లకు ఆ నాయకులిద్దరూ ఒకే కండువా వేసుకొని, ప్రొద్దుటూరులో ఒకే స్టేజి మీద కావలించుకున్నారు. నేను స్కూలు వ్యాను తోలుతా ఆ జనంలో ఇరుక్కొని చూసినా.

మేస్త్రీ నన్ను ఎప్పుడూ తిట్టలేదు. తిట్టింటే బాగుండు. బస్టాండులో కనపడినా, మార్కెట్లో కనపడినా, బాగుండావా అని అడిగి, టీ తాగించి, చివరికి అదే మాట. "ఆ మూడు పొద్దులూ టిక్కు టిక్కు అన్నిందా, లేదా?" నేను "ఏమో సామీ, గుర్తు లేదు" అని మాట మార్చేటోణ్ణి. అది మూడు పొద్దులని ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. మసి చూసి ఆయనే లెక్క కట్టుకున్నాడు.

పోయిన నెల ఆయన ఇంటికి పోయి చూసినా. చెవులు దాదాపు పాయె. ఆ రబ్బరు గొట్టమే అప్పటికి మనుషులకు వాడుతాండె. ఒక కొన తన చెవిలో పెట్టుకొని ఇంకో కొన నా చేతికిచ్చి, "చెప్పప్పా" అన్నాడు. ఏం చెప్పమంటాండాడో నాకు తెలుసు. గొట్టం నోటి కాడ పెట్టుకున్నా. "మాత్రలు సరిగ్గా వేసుకుంటాండావా సామీ?" అంటిని.

ఆయన గొట్టం చెవిలోంచి తీసి చుట్ట చుట్టుకున్నాడు. "నీకింకా వేడి తగ్గలేదప్పా" అన్నాడు. అవే ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాటలు.

శవాన్ని చూడను పోతే సందు మొదట్లోనే ఫ్లెక్సీ. ఆ నాయకులిద్దరి కొడుకులు చేతులు జోడించి నిలువెత్తున ఉన్నారు. మేస్త్రీ ఫోటో మూలన, పోస్టు స్టాంపంత. బతికుండంగ ఆ షెడ్డు గడప తొక్కనోళ్ళు! చించి పారేద్దామనుకున్నా, చెయ్యి లేవలేదు. లోపల గొర్ల మామ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా ఆ తెల్ల మచ్చలు అట్లనే ఉన్నాయి. ఆయన కాడికి పోయి, "మామా, ఆ పొద్దు నేను..." అంటాంటే చెయ్యి అడ్డం పెట్టినాడు.

"నాకెందుకు చెప్తావప్పా? నేను ఆడనే ఉంటి గదా. తెలియనోళ్ళకు చెప్పు."

అందుకే మీకు చెప్తాండా. అది బాంబు కాదు. ఆ మనిషి ఏ పాపం ఎరగడు. నేను మూడుసార్లు అబద్ధం చెప్పినా, ఒకటి షెడ్డులో, ఒకటి పోలీసు కాగితం మీద, ఒకటి కోర్టులో. మా మేస్త్రీ చెప్పిందే నిజం. ఇది అచ్చయినాక ఎవురికి కోపమొచ్చినా రానీ.

బయల్దేరేటప్పుడు మేస్త్రీ కూతురు గోనెసంచి ఒకటి తెచ్చి నా ముందర పెట్టింది. "నాయన ఇది నీకే ఇమ్మన్నాడన్నా" అనింది. ఇంటికి తెచ్చుకున్నా. ఈ పొద్దు తెల్లారుతాంటే గడప కాడ కూచొని విప్పినా. ఆ మానిఫోల్డ్, దాని మీద చుట్ట చుట్టిన రబ్బరు గొట్టం. ఇనుము చల్లంగ ఉంది. పగులు మీద వేలు పెడితే గోరు దిగింది. గొట్టం ఒక కొన నోటి కాడ పెట్టుకున్నా.

"అన్నింది సామీ. మూడు పొద్దులూ అన్నింది."

ఇంకో కొన గడప అవతల నాపరాయి మీద పడి ఉంది.