మేడం చెంప ఆనించి చూసిన గడ్డి

మా జువాలజీ మేడం పోయారని ఆమె అన్నగారు వచ్చి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మరి ఎలుకలు?" అని. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇంట్లో నాకు గుండె లేదని తేల్చేశారు. "చదువు చెప్పిన మనిషి నిద్రల్నే పోతే కండ్లల్ల చుక్క నీళ్ళు లేవు, ఎలుకల ముచ్చట అడుగుతది," అని అమ్మ లాలాపేట్‌లో మా వాడకట్టంతా చెప్పుకుంది. నేను అడిగింది మేడం గురించేనని ఎవరికీ తట్టలేదు. వివరించబోతే నాకే మాటలు కుదరలేదు. ఇప్పుడు రాస్తున్నా కుదురుతున్నట్టు లేదు.

గొడవలతో కాలేజీలు మూతబడి, క్యాంపస్‌లో పోలీసు లారీలు ఆగిన నెలలవి. డిపార్ట్‌మెంట్‌లోని తెల్ల ఎలుకలకు తిండి పెట్టే దిక్కు లేదని మేడం వాటిని తార్నాకలోని తన ఇంటికి తెచ్చుకున్నారు. అవి ముద్దుకు పెంచుకునేవి కావు. ప్రాక్టికల్స్‌లో మేము కోయడానికి ఉంచినవి. క్లాసుల్లేక, ఇంట్లో కాలు నిలవక, నేను రోజూ ఆమె దగ్గరికి పోయేదాన్ని. పోయినప్పుడల్లా ఆమెది ఒకటే వెతుకులాట: వాటి కింద ఏం పరచాలి?

మొదట నేనే గొప్పగా లాలాగూడ వడ్రంగి దగ్గర్నుంచి సంచెడు రంపపు పొట్టు మోసుకొచ్చాను. కమ్మటి చెక్క వాసన. మేడం దోసెడు తీసి, ముఖం దాంట్లో పెట్టి, గట్టిగా తుమ్మారు.

"వాసన మంచిగనే ఉన్నది బిడ్డా. గని దుమ్ము చూడు. మనమైతే లేచి బయటికి పోతం. బోనుల ఉన్నది ఏడికి పోతది?"

ఏది పరచాలన్నా ముందు తన చెంప ఆనించి చూసేవారు. వడ్ల పొట్టు గుచ్చుకుంది. దూది మెత్తగా ఉంటుంది కదా అంటే, ఒక పోగు లాగి నా వేలికి చుట్టి బిగించారు. "ఎలుక పిల్లల కాళ్ళకు గిట్ల చుట్టుకుంటది," అని, వేలి కొన నల్లబడేదాకా వదల్లేదు. న్యూస్‌పేపర్ పరిస్తే ఆ నెలల లాఠీచార్జీల వార్తలన్నీ సిరాతో సహా వాటి తెల్లటి పొట్టలకు అంటుకున్నాయి. "ఇగో, ఇవి గూడ జులూసుల కలిసినయ్," అని నవ్వి, ఆ కాగితాలు కూడా తీసేశారు.

చివరికి వరిగడ్డి కుదిరింది. దులిపి, డాబా మీద ఎండబెట్టి, కత్తెరతో పొట్టిగా కత్తిరించి పరిచేవారు. తడిసిన మూల ఏ రోజుకారోజు తీసేయాలి. కంపు మనదాకా వచ్చేసరికే వాటి ముక్కులు మండిపోతుంటాయట. ఒకసారి ఒక ఎలుక ముక్కు దగ్గర ఎర్రగా కనిపిస్తే నేను రక్తమని అరిచాను. రక్తం కాదట, ఒంట్లో బాగోలేకపోతే అట్లా ఎర్రటి నీరు కారుతుందట. ఆ పూట మేడం అన్నం ముట్టలేదు.

ఈ మనిషే క్లాసులో చేయి వణక్కుండా ఎలుకను కోసి చూపించి, చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా తెరిచేవారు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "మేడం, ఎట్లాగూ ట్రే మీదికి పోయేటివే కద. గింత ఎందుకు?"

"ట్రే మీదికి పోయేది ఒక్కనాడు. మిగిలిన దినాలన్ని పండేది గీ గడ్డి మీదనే గద," అన్నారు, కత్తెర ఆపకుండా.

అది దయో, పద్ధతో నాకు తేలలేదు. ఆమెను మెచ్చుకోవాలో కోప్పడాలో తెలియక, రేపు మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేసేదాన్ని. మళ్ళీ పోయేదాన్ని. నోరులేని ప్రాణికి ఎక్కడ గుచ్చుకుంటుందో ఆలోచించడం నాకు నేర్పింది మాత్రం ఆమె ఒక్కరే.

మేడం దినాలయ్యాక, చూసుకునే దిక్కు లేదని అన్నగారు ఎలుకల బోను తెచ్చి మా ఇంట్లో దించారు. కాలేజీ తెరిచారు. సోమవారం ప్రాక్టికల్ పరీక్షకు ఎలుకలను పంపమని డిపార్ట్‌మెంట్ నుంచి కబురు.

"ఇచ్చెయ్యవే, పీడ పోతది," అంది అమ్మ.

"పరీక్ష నీది గాదా?" అన్నాడు నాయన.

నాదే. మేడం ఉంటే సోమవారం పొద్దున్నే బోను రిక్షాలో పెట్టుకుని తానే అప్పజెప్పి వచ్చేవారు. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

అయినా సోమవారం పరీక్షకు ఉత్తచేతులతో పోతాను. ఎలుకలను ఇవ్వను.