షడ్డకుడి బ్యాటరీ సైకిల్

మా షడ్డకుడిని చూస్తే నాకు కుళ్లు. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. మనిషి మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ని, నలుగురూ నాతో వంత పాడేవాళ్లు. అతను ఎవరినీ నొప్పించడు, ఎవరింటికీ చేతులూపుకుంటూ రాడు, నన్ను నోరారా "అన్నా" అని పిలుస్తాడు. అలాంటివాడి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నాకు కరీంనగర్‌లో మోటార్ల రీవైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు, మరమగ్గాల మోటార్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్లీ తిరిగేలా చేయడం నా పని. పని కాక నాకున్న ఒకే ఒక పిచ్చి అడవి. పాత జీపు ఒకటి కొని, దాన్ని నేనే విప్పి నేనే బిగించుకున్నాను. వెనక సైకిళ్లు కట్టుకోవడానికి ఇనుప స్టాండు కూడా పెట్టించాను. చలికాలం రాగానే మా ఇద్దరి కుటుంబాలు కలిసి మంచిర్యాల దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి పోయేవాళ్లం. జీపు పోయినంత దూరం జీపులో, ఆ పైన సైకిళ్ల మీద. టెంటు ఎక్కడ వేయాలి, ఏ వాగు నీళ్లు తాగొచ్చు, దిగేముందు ఏ గూడెం పెద్ద పటేల్‌ను అడగాలి, అన్నీ చెప్పేది నేనే.

షడ్డకుడు అప్పట్లో గల్ఫ్‌లో ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు నా వెనకాలే సైకిల్ తొక్కుతూ సగం గుట్టకే ఆయాసపడేవాడు. "అన్నా, జర ఆగరాదే!" అని కింది నుంచి అరిచేవాడు. ఆ కేక వినబడితే నేను ఇంకా గట్టిగా తొక్కేవాణ్ని.

నా భార్యకు మోకాలి నొప్పి. అందుకని ఎప్పుడూ జీపు దగ్గరే ఉండిపోయి, రాళ్ల పొయ్యి పెట్టి వంట చేసేది. మేము చెమటతో దిగి వస్తే ముందు మంచినీళ్లు అందించి, "పైన ఏం కనవడ్డది?" అని అడిగేది. ప్రతిసారీ అదే ప్రశ్న. నేను చేతులు తిప్పుతూ లోయ గురించి, పొగమంచు గురించి, దూరంగా పత్తి చేల గురించి చెప్పేవాణ్ని. చెబుతుంటే నాకే గొప్పగా అనిపించేది. ఆమెకు కూడా చూడాలని ఉంటుందేమోనని పదేళ్లలో ఒక్కసారి కూడా నేను అడగలేదు.

షడ్డకుడు గల్ఫ్ వదిలేసి వచ్చి సుల్తానాబాద్‌లో స్థిరపడ్డాడు. ఆ ఏడే హైదరాబాద్ నుంచి బ్యాటరీ సైకిల్ తెప్పించాడు. లావుపాటి టైర్లు, ముందు వెనక షాక్ అబ్జార్బర్లు, గుట్టలెక్కడానికే చేసిన సైకిల్. మనం తొక్కుతుంటే లోపలి మోటారు కాలికి బలమిస్తుంది. మా ఇంటికి దాని మీదే వచ్చాడు. గల్లీ అంతా మూగింది. నా గేర్ల సైకిల్ గోడకు ఆనించి ఉంటే, ఎవరో దాన్ని పక్కకు జరిపి దీనికి చోటిచ్చారు.

నా భార్య హ్యాండిల్ పట్టుకుని చూసింది. "మరిదీ, గీ సైకిల్ నేను తొక్కొచ్చా?" అంది.

"నీ గురించే తెచ్చిన అనుకో వదినా! మోకాలు మీద బరువే వడది. గీసారి కెరమెరి ఘాట్ గుట్ట మీదికి నువ్వే ముందు" అన్నాడతను.

పొద్దస్తమానం మోటార్ల మధ్య బతికేవాణ్ని నేను. ఆమె మోకాలికి ఒక మోటారు సాయం పెట్టవచ్చన్న ఆలోచన నాకు రాలేదు, వాడికి వచ్చింది. సైకిల్ ఉన్నందుకు కాదు, ఆ ఆలోచన వచ్చినందుకే వాణ్ని ఓర్వలేకపోయాను.

మా వైపు ఏ కొత్త బండి కొన్నా ముందు కొండగట్టు అంజన్న గుడి దగ్గర పూజ చేయిస్తారు. ట్రాక్టరైనా, లారీ అయినా అంతే. సైకిల్‌కు పూజ ఏమిటని నేను నవ్వాను. "మోటరున్నదంటె బండే గదనే" అన్నాడు షడ్డకుడు. జీపు వెనక కట్టుకుని అందరం పోయాం.

పూజారి వచ్చేలోపు నేను సైకిల్‌ను పరీక్షించడం మొదలుపెట్టాను. నాకు తెలియని మోటారు ఉండదని అందరికీ చూపించాలి కదా. బ్యాటరీ ఉండే ఏటవాలు గొట్టం మీద చార్జింగ్ పెట్టే రంధ్రం ఉంది, దానికి రబ్బరు మూత. ఆ మూత ఊడదీసి లోపలికి తొంగి చూసి, "గింతేనా, దీనికేనా గింత హంగామా" అన్నాను. అంతలో పూజారి వచ్చాడు. నేను పక్కకు జరిగాను. మూత అలాగే వేలాడుతోంది.

పూజారి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచాడు, హ్యాండిల్‌కు పూలదండ వేశాడు. తర్వాత కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు సైకిల్ మీద పోశాడు. నీళ్లు ఏటవాలు గొట్టం మీదుగా జారి, సూటిగా ఆ రంధ్రంలోకి దిగాయి. నేను చూస్తూనే ఉన్నాను. లోపలికి నీళ్లు పోయిన మోటార్లను ఎండబెట్టుకుంటూ సగం జీవితం గడిపినవాణ్ని, దాని ఫలితం నాకు తెలియకపోవడమేమిటి? "జర ఆగుండ్రి" అంటే చాలు. నోరు పెగల్లేదు. పెగలనివ్వలేదు అంటేనే నిజం. పూజ అయ్యాక ఎవరూ గమనించకుండా బొటనవేలితో మూత నొక్కేశాను, నీళ్లు లోపలే ఉండగా. నా భార్య నా పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

రెండు వారాల తర్వాత కెరమెరి ఘాట్ వైపు బయలుదేరాం. దారి పొడవునా సైకిల్ బాగానే నడుస్తోందని, పూజకు ముందు పెట్టిన చార్జింగే ఇంకా దిగలేదని షడ్డకుడు మురిసిపోతున్నాడు. నేను ఏం జరుగుతుందోనని ఎదురు చూస్తున్నాను, ఏమీ జరగకపోతే బాగుండునని కూడా అనుకుంటున్నాను. వాగు పక్కన టెంట్లు వేశాక షడ్డకుడు లుంగీ పైకి కట్టి, "గీ పూట వంట నాది. మీరిద్దరు పోయి రాండ్రి" అన్నాడు.

మట్టిబాటలో నా భార్య బ్యాటరీ సైకిల్ మీద ముందు, నేను నా సైకిల్ మీద వెనక. మొదట్లో భయంభయంగా తొక్కింది. రెండో మలుపు దగ్గర ధైర్యం వచ్చింది. మూడో మలుపులో నాకు అందనంత ముందుకు పోయింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, తలకు స్కార్ఫ్ కట్టుకుని, వెనక్కి తిరిగి నవ్వింది. "ఏమయ్యా, జర జల్ది రా!" అని అరిచింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసి ఎన్నేళ్లయిందో. నేను సంతోషించాల్సింది. కానీ ఆ నవ్వు షడ్డకుడు ఇచ్చిందే అని గుర్తొచ్చి నా ముఖం మాడిపోయింది. కట్టుకున్న భార్య మీద కూడా ఓర్వలేనితనమే.

ఇంకో రెండు మలుపులు తిరిగితే పైభాగం. రాళ్ల మీద ఒక కుదుపు కుదిపింది, మోటారు ఆగిపోయింది. మోటారు లేని ఆ సైకిల్ ఇరవై అయిదు కిలోల బరువు. ఎత్తులో అది వెనక్కి జారుతుంటే ఆమె తడబడుతూ దిగి, మోకాలు పట్టుకుంది.

"అయ్యో, నేనేమన్న చెడగొట్టిన్నా? మరిది ఏమనుకుంటడో" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నడిచి పోదామన్నాను. నాలుగడుగులు వేసి ఆగిపోయి, బండ మీద కూర్చుంది. "నాతోని గాదు. నువ్వు పోయి సూసి రా. వచ్చినంక చెప్పు" అంది, ఎప్పటిలాగే.

నేను పోలేదు. సైకిల్ పక్కన కూర్చుని రబ్బరు మూత తీశాను. బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు పోయే లోపలి ఇత్తడి ముక్కలు పచ్చగా చిలుమెక్కాయి. ఎండిన తీపి జిగురుకు చీమలు పట్టి, మూత తియ్యగానే వరసగా బయటికి వచ్చాయి. ఆమె వంగి చూసింది. మోటార్ల గురించి ఆమెకు తెలియదు కానీ చీమలు దేనికి పడతాయో తెలుసు.

"కొబ్బరినీళ్లు" అంది. వేలాడుతున్న మూతను వేలితో తాకి, "గా రోజు మూత వెట్టింది నువ్వే గద?" అంది.

నేను చీమలను వేలితో తుడవసాగాను.

"నీళ్లు వడంగ సూసినవా?"

"సూసిన" అన్నాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. పైకి పోయే బాట వైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి చీర దులుపుకుంది. "మరిదికి చెప్పకు. నేనే కింద వడేసిన అని చెప్త. నీ ఇజ్జత్ పోతె నాదీ పోయినట్టే" అంది.

కిందికి ఆ సైకిల్‌ను నేను నెట్టుకుంటూ వచ్చాను. ఆమె నా గేర్ల సైకిల్‌ను ఊతగా పట్టుకుని కుంటుతూ నడిచింది. షడ్డకుడు గరిటె పట్టుకునే ఎదురొచ్చాడు. సైకిల్ వైపు చూడనైనా లేదు, ముందు ఆమె మోకాలు చూశాడు. ఆమె తన అబద్ధం చెప్పింది. "సైకిల్‌ది ఫికర్ జెయ్యకు వదినా. అన్న ఉన్నడు గద, ఎసొంటి మోటరైనా బాగ జేస్తడు" అన్నాడు.

షాపుకు తెచ్చి శుభ్రం చేశాను. ఒక పూట పని, అంతే. మర్నాడు తీసుకుపోయి అప్పగిస్తే నా భుజం తట్టాడు. అసలు సంగతి చెబుదామని నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మరుసటి చలికాలం అక్కడికే పోయాం. అక్కాచెల్లెళ్లిద్దరూ పైకి బయలుదేరారు, నా భార్య బ్యాటరీ సైకిల్ మీద, మరదలు నా సైకిల్ మీద. నేను రాళ్ల పొయ్యి వెలిగించి బియ్యం కడిగాను. వాళ్లు దిగి వచ్చేసరికి అన్నం ఉడికింది. ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, "పైన ఏం కనవడ్డది?" అని అడిగాను.

నీళ్లు తాగి గ్లాసు నా చేతికిచ్చింది. "నువ్వు చెప్పినట్టు లేదు" అంది.

అంతే చెప్పి, టెంటు దగ్గర షడ్డకుడి ముందు కూర్చుని, చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. లోయ, పొగమంచు, పత్తి చేలు, నేనెన్నడూ చూడని ఇంకేవేవో.

"అన్నా, నువ్వు గూడ రా. వదిన ఏం చెప్తుందో ఇను" అని పిలిచాడు షడ్డకుడు.